వదిన మోకాళ్ళు

భ్రమరాంబా, ఆమె వదిన సుగుణమణీ బస్సు దిగి గేటు దగ్గరికి వెళ్ళేసరికి రాజభవనం ఇంట్లో లేదు.

"తోటలో నడకకి వెళ్ళింది. కూర్చోండి, వచ్చేస్తుంది," అంటాడు గేటు దగ్గరి కాపలాదారు.

ఇద్దరూ బెంచీ మీద కూర్చుని జంతికలు తింటారు. సుగుణమణి భ్రమరాంబ భర్తకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. భ్రమరాంబ బడిలో పాఠాలు చెప్పుకుంటుంటే ఇంట్లో పిల్లల్ని పెంచింది ఆవిడే. యూరప్‌లో రాజులుండే ఇల్లు ఎలా ఉంటుందో చూడాలని ఆవిడకి ఎప్పటినుంచో కోరిక. మోకాళ్ళ నొప్పులు ఇంకా ముదరకముందే చూపించెయ్యాలని భ్రమరాంబ ఆరాటం.

కాసేపటికి రాజభవనం చెట్ల మధ్య నుంచి వస్తుంది. పసుపు గోడల అంచులు మంచుకి తడిసి ఉన్నాయి. కిటికీలన్నీ తెరుచుకుని ఆయాసం తీర్చుకుంటోంది. తన చోటు చూసుకుని నెమ్మదిగా కూర్చుంటుంది. సుగుణమణి మెట్ల వైపు దిగులుగా చూస్తే అవి ఆవిడ కోసం కాస్త వంగుతాయి.

లోపల మొదటి హాలు నడుస్తున్నకొద్దీ పొడుగవుతోంది.

"ఇదెక్కడికి పోతుంది బాబూ?" అని భ్రమరాంబ అక్కడి కాపలాదారుని అడుగుతుంది.

"నెమ్మదిగా నడిచేవాళ్ళకి ఇంతే అమ్మా. గబగబా పోయేవాళ్ళకి ఇది ఒట్టి గుమ్మం."

సుగుణమణికి ఆ మాట నచ్చుతుంది. ఆవిడ నడక వల్ల ఇవాళ ఎవరికీ ఆలస్యం కావడం లేదు. ఒక్కో పటం ముందూ ఆగి, అందులోని రాణిని పలకరించి మరీ కదులుతుంది.

పడకగదిలో అడ్డంగా కట్టిన తాడు తనంతట తానే ఊడి పక్కకి తప్పుకుంటుంది. సుగుణమణి పట్టుపరుపు మీద నడుం వాలుస్తుంది. ఆవిడ మోకాళ్ళు రెండూ చీరకుచ్చెళ్ళ కిందనుంచి జారి, నేల మీదకి దిగి, తలుపు దాటి వెళ్ళిపోతాయి.

"పోయాయా?" అంటుంది ఆవిడ, పైకప్పు మీది బొమ్మలు చూస్తూ.

"పోయాయి వదినా."

"నువ్వెళ్ళి తీసుకురా. నేనెలాగూ లేవలేను."

పొద్దుగూకితే బస్సు వెళ్ళిపోతుంది. భ్రమరాంబ తోటలోకి పరుగెడుతుంది. కత్తిరించిన పొదల దారులు ఆమెని చూసి ఒద్దికగా ఒత్తిగిలి తోవ ఇస్తాయి. మోకాళ్ళు కొలను గట్టు మీద పక్కపక్కన కూర్చుని హంసల్ని చూస్తున్నాయి.

"పదండి, వదిన ఎదురుచూస్తోంది."

"మేం రాం," అంటుంది కుడి మోకాలు. "ఆవిడ మాకు తైలం రాసింది, మమ్మల్ని తిట్టింది. ఒక్కనాడైనా ఏదైనా చూపించిందా?"

"ఆవిడకి మాత్రం ఎవరు చూపించారు?" అంటుంది భ్రమరాంబ. "మీ ముగ్గురూ కలిసి ఊరు దాటింది ఇప్పుడే కదా."

మోకాళ్ళు ఒకదాన్నొకటి చూసుకుంటాయి.

"అది నిజమే," అంటుంది ఎడమది. "పరిగెత్తనిస్తుందా?"

"నేను అడుగుతాను."

భ్రమరాంబ వాటిని కొంగులో మూటగట్టుకుంటుంది. అప్పుడే దింపిన ఇడ్లీల్లా వెచ్చగా ఉన్నాయి. పడకగదిలో సుగుణమణి వాటిని చేతుల్లోకి తీసుకుని, ఊది, దుమ్ము దులిపి, ఉండాల్సిన చోట పెట్టుకుంటుంది.

"ఏమంటున్నాయి?"

"పరిగెత్తుతాయట."

"అంతేనా? దానికి నన్ను అడగడం ఎందుకు?"

సుగుణమణి మంచం దిగి, హాలు దాటి, పచ్చిక మీద పరిగెత్తుతుంది. జడ ఊడిపోతుంది, సర్దుకోదు. ఫౌంటెన్ దగ్గర ఆగి, చెప్పులు విప్పి మరదలి చేతికిస్తుంది. పైకి చిమ్మే నీటి మీద పాదం మోపి, ఒక్కో అంగే వేస్తూ ఎక్కుతుంది. మేఘాన్ని తెరలా పక్కకి జరిపి, అవతలికి తొంగి చూసి నవ్వుతుంది.

"నిదానంగా చూడండి వదినా," అంటుంది భ్రమరాంబ కిందనుంచి.

ఆమె చేతుల్లోని చెప్పుల్లో నీళ్ళు ఊరుతున్నాయి. మడమ దగ్గర చిన్న రేవు ఏర్పడుతుంది. బొటనవేలంత హంసలు రెండు, పిల్లల్ని వెంటేసుకుని, వేళ్ళ గుర్తుల మీదుగా ఈదుతాయి. భ్రమరాంబ ఒలకకుండా పట్టుకుని నిలబడుతుంది.