పది పదహారు దగ్గర ఆపాలి

ఉదయం 10:17కి ఆసుపత్రి డేటాబేసులో 61,408 మంది రోగుల అలర్జీ గడి ఒక్కసారిగా "లేదు" అని మారింది.

మార్చింది డేటాబేస్ చూసే ఆవిడ. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. ఒక రోగికి అలర్జీ పొరపాటున నమోదైందని కౌంటర్ నుంచి కాగితం వచ్చింది. సరిదిద్దడానికి రెండు వరుసల ఆదేశం రాసింది. మొదటి వరుస: అలర్జీ గడిలో "లేదు" అని పెట్టు. రెండో వరుస: ఈ నంబరు రోగికి మాత్రమే. ఆ సాఫ్ట్‌వేర్‌లో మౌస్‌తో ఎంత మేర ఎంచితే అంతే నడుస్తుంది. ఆమె మొదటి వరుస మాత్రమే ఎంచి నడిపింది.

వెనక్కి తీసుకునే ఆదేశం కొట్టింది. పని చేయలేదు. ముందే ట్రాన్సాక్షన్ తెరిచి ఉంటే, ఖాయం చేసేదాకా మార్పు వెనక్కి వచ్చేది. ఒక్క గడే కదా అని తెరవలేదు.

ఇంకో రెండుసార్లు కొట్టింది. తలుపు వైపు చూసింది. రాత్రి తీసిన బ్యాకప్‌ని ఉన్నదాని మీదే ఎక్కించేస్తే ఎవరికీ తెలియదనుకుంది. ఫైలు ఎంచింది. ఎక్కిస్తే పొద్దుటి నుంచి చేరిన రోగులంతా పోతారు. ఎంటర్ మీద వేలు పెట్టి కూర్చుంది. 10:25కి లేచి పక్క గదికి వెళ్లింది.

ఆ గదిలో ఆమె పైఅధికారి ఉంటాడు. అందరూ గడియారం అంటారు. ప్రతి శుక్రవారం బ్యాకప్‌ని బల్ల కింది పాత మిషన్ మీదికి ఎక్కించి, ఎంతసేపు పట్టిందో గోడ మీది కాగితంలో రాస్తాడు. 34, 36, 35. పనిలేక చేస్తున్నాడని వెనకాల నవ్వుకునేవాళ్లలో ఆమె కూడా ఉంది.

"సార్, రెండో వరుస లేకుండా నడిపేశాను."

"టెస్టు కాపీలోనా?"

"లైవ్‌లో. అలర్జీ గడి."

అతను కళ్లజోడు తీశాడు. "ఎందరిది?"

"అందరిదీ."

"ఎంతసేపైంది?"

"ఇప్పుడే." ఆగింది. "ఎనిమిది నిమిషాలు."

"వార్డులకి చెప్పావా?"

"ముందు సరిచేద్దామని..."

"ముందు ఫోను, తర్వాత కీబోర్డు! ఆ స్క్రీన్ చూసి అక్కడ మందులు ఎక్కిస్తున్నారమ్మాయ్."

అతను కింది అంతస్తులకు ఫోన్ చేశాడు. ఆమె మూడో అంతస్తుకు చేసింది. అక్కడ ఆపరేషన్ అయినవాళ్లుంటారు. హెడ్ నర్సు ఆమె సొంత వదిన. లైను నాలుగుసార్లు బిజీ వచ్చింది. 10:31కి కలిసింది.

"చెప్పవే. మీ అన్న మళ్లీ తాళాలు మర్చిపోయాడా?"

"వదినా, స్క్రీన్ నమ్మకు. అందరికీ అలర్జీ లేదనే చూపిస్తుంది."

"వేళాకోళాలాడకు, పని మీదున్నా."

"నేనే చెరిపేశాను వదినా. ఒట్టు. యాంటీబయాటిక్ ఎవరికైనా పెట్టారా?"

ఫోన్లోనే అరుపు వినిపించింది. "తొమ్మిదో మంచం డ్రిప్ ఆపండి! అన్నీ ఆపండి!"

తొమ్మిదో మంచంలో ఉన్నది లేత్ మిషన్ పనివాడు. పొద్దున ఆరింటికి ఆసుపత్రిలో చేరాడు. అపెండిక్స్ తీసి 9:50కి వార్డుకి తెచ్చారు. మత్తు పూర్తిగా దిగలేదు, అడిగితే ఊఁ అంటున్నాడు. అలర్జీ ఉంటే వార్డుకొచ్చాక చేతికి వేసే ఎర్ర పట్టీ ఈ డేటాబేసు చూసే ప్రింటవుతుంది. అతనిది ఇంకా ప్రింటవలేదు. డ్రిప్ 10:29కి పెట్టారు.

"ఇతనికి ఉందా, లేదా?" అంది వదిన.

"తెలీదు. బ్యాకప్‌లోంచి తీసి చూడాలంటే ముప్పై అయిదు నిమిషాలు పడుతుంది."

"నీ మొహం! మెడ మీద ఎర్రగా ఉందే. ఇందాక ఉందో లేదో నాకు గుర్తు రావట్లేదు. డాక్టర్‌ని పిలుస్తున్నా." ఫోన్ పెట్టేసింది.

గడియారం పాత మిషన్ తెరిచాడు. "లైవ్ ముట్టుకోకు. దీని మీద ఎక్కించు. రాత్రి కాపీలో ఆ తొమ్మిదో మంచం మనిషి లేడు, పొద్దుటి నుంచి జరిగిన మార్పుల లాగ్ ఫైళ్లు కలపాలి. పది పదహారు దగ్గర ఆపు. పదిహేడు దాటితే నీ తప్పు కూడా ఎక్కుతుంది."

"మీరే కొట్టండి సార్. మళ్లీ తప్పు కొడతానేమో."

"నువ్వే కొట్టు, నేను పైకి చదువుతా."

ప్రతి ఆదేశం అతను చివరిదాకా చదివాకే ఆమె ఎంటర్ నొక్కింది. 10:33కి మొదలైంది. ఇద్దరూ కూర్చోలేదు. నలభై శాతం దగ్గర అంకె ఆరు నిమిషాలు కదల్లేదు. "ఆగిపోయిందా సార్?" అని ఆమె రెండుసార్లు అడిగింది. "శుక్రవారాలు కూడా ఇక్కడ ఆగుతుంది" అన్నాడు రెండుసార్లూ. ఫోన్ మోగలేదు. మోగితే ఎవరెత్తాలో ఇద్దరూ అనుకోలేదు.

11:10కి పూర్తయింది. లేత్ పనివాడి వరుస తెరిచింది. అలర్జీ: పెన్సిలిన్.

పైకి ఫోన్ చేసింది. "ఉంది వదినా. పెన్సిలిన్."

"నేను ఆపింది అదే" అంది వదిన.

11:24కి, ట్రాన్సాక్షన్ తెరిచి, లెక్క సరిచూసి, లైవ్‌లో 61,407 గడులు తిరిగి నింపారు. మిగిలిన ఒక్కటి కౌంటర్ కాగితంలోది.

మధ్యాహ్నం సంఘటన నివేదికలో తప్పు జరిగిన సమయం 10:17 అని, చెప్పిన సమయం 10:25 అని ఆమె తన చేత్తో రాసింది. 12:40కి డాక్టర్ తొమ్మిదో మంచం చార్టులో దద్దుర్లు తగ్గుతున్నాయని, ఊపిరి మామూలుగా ఉందని రాశాడు. విప్పిన డ్రిప్ సంచిలో వంద మిల్లీలీటర్లకి తొంభై ఒకటి మిగిలాయి.