మంచు మీద పడ్డ నలుపు

ఒదాక్ కుక్కల బండి కట్టుకుని సముద్రం గడ్డకట్టినంత మేరా పోయి, ఆ అంచున వేటాడుతున్నాడు. వాడు తిరుగుముఖం పట్టే వేళకి గాలి వెచ్చబడింది. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న కానాక్ ఊరిని పొగమంచు కమ్మేసి ఎదురిల్లే కనబడటం లేదు. వాడి తల్లి అతంగానా వండిన సీలు మాంసం పులుసు వండినట్టే ఉండిపోయింది.

కోడలు నాదుక్‌ది ఉపగ్రహం పంపే బొమ్మలు చదివి వేటగాళ్లకి దారి చెప్పే ఉద్యోగం. మబ్బయినా పొగమంచయినా ఆ ఉపగ్రహానికి అడ్డే కాదు. అంత ఎత్తు నుంచి కిందున్నదంతా తడిమి చూసినట్టు బొమ్మ గీసి పంపుతుంది. దాన్ని కనిపెట్టినవాళ్లని కన్నతల్లుల కడుపు చల్లగా ఉండాలని అతంగానా ఎన్నిసార్లు అనుకుందో. ఆవేళ మాత్రం, నిన్న తెల్లగా ఉన్న సముద్రపు మంచంతా బొమ్మలో నల్లబడిపోయింది.

పక్కింటి ముసలి వేటగాడు సోర్కాక్ చూస్తూనే తేల్చేశాడు. బొమ్మలో నలుపంటే నీళ్లని ఊరందరికీ అలవాటే మరి. మంచు విరిగింది వదినా, వాణ్ణి కొండమంచు ఎక్కి రమ్మను, మన పెద్దలు చేసిందదే అన్నాడు. ఒదాక్ కూడా ఫోనులో, అమ్మ ఏ దారంటే ఆ దారే అని కూర్చున్నాడు.

నాదుక్ బొమ్మని పక్కకి జరిపింది. "అత్తయ్యా, ఇటు చూడండి. కొండ మీది మంచు కూడా ఇవాళే నల్లబడింది. సముద్రం విరిగితే కొండెందుకు నల్లబడుతుంది?"

"నీ యంత్రానికి కళ్లు మసకలు కమ్మాయేమోనే," అన్నాడు సోర్కాక్.

"దానిక్కాదు మావయ్యా, మనకి. ఇది తడి నలుపు. వెచ్చటి గాలికి మంచు పైపైన కరిగింది, అడుగు గడ్డ గట్టిగానే ఉంది. పాత పగుళ్లు కూడా కదల్లేదు. ఇప్పుడు కొండెక్కితేనే ముప్పు, అక్కడ నీళ్లు వాగులు కట్టుంటాయి."

అతంగానా ఇద్దరి మొహాలూ చూసింది. ఎన్నేళ్లుగా తోళ్లు గీకిన చేతులు ఆమెవి.

"తడిసిన తోలూ నల్లగానే ఉంటుంది మరిదీ. అంతమాత్రాన చిరిగినట్టా?" అని ఫోనందుకుంది. "నాయనా, సముద్రం మీదుగానే రా. కుక్కలకి జోళ్లు తొడుగు, తడి మంచు పాదాలు కోస్తుంది."

వచ్చాడు. కడుపుల దాకా తడిసిన కుక్కలతో, చొప్ చొప్‌మని నీళ్లు చిమ్ముకుంటూ, పొగమంచులోంచి ఊడిపడ్డట్టు వచ్చాడు. సోర్కాక్ తనే ముందుకు పోయి పగ్గాలు పట్టుకున్నాడు. రేపు తనెటు పోవచ్చో చూసిపెట్టమని అక్కడే నాదుక్‌ని అడిగాడు కూడా.

కొడుక్కి పులుసు వేడిచేస్తూ అతంగానా అడిగింది, ఆ ఉపగ్రహం ఇప్పుడెక్కడుందే అని.

"దక్షిణ ధ్రువం వైపు పోతూ ఉంటుంది అత్తయ్యా. అక్కడి మంచు కూడా చూడాలిగా."

"అయ్యో, మన పని చేసిపెట్టి ఏమీ తినకుండానే పోయిందా," అంది అతంగానా.