గుట్టెక్కిన మద్ది

రేగొండ దాటి వాగు వెంట పోతే సాలమ్మ వాళ్ల మద్దితోట వస్తుంది. తెల్లారితే చాలు, అత్తాకోడళ్లిద్దరూ అక్కడే. చెట్ల మీద ఆకు మేసే దసలి పట్టుపురుగుల్ని కాకులు ఎత్తుకుపోకుండా సాలమ్మ డబ్బా కొడుతుంది, కోడలు గ్రేస్ వడిసెల తిప్పుతుంది. గ్రేస్ జనగామలో పుట్టి పెరిగిన పిల్ల. మొన్న ఎండాకాలమే పెళ్లయి వచ్చింది. పురుగును చూస్తే కెవ్వుమంటుందని అందరూ అనుకున్నారు. ఆమె వాటిని అరచేతిలో పెట్టుకుని ముచ్చట్లు చెబుతోంది!

ఈ పని మీద మనసు లేనిది ఆమె మొగుడు సురేష్‌కే. రెండేళ్లుగా పట్టు పంట పోతోంది. ఈసారీ పోతే ఇద్దరం జనగామ పోయి బట్టల దుకాణంలో పనికి కుదురుదామని గ్రేస్ దగ్గర మాట తీసుకున్నాడు. సరేనంది గానీ తోట వదిలి పోవడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు.

వాగు ఒడ్డున ఉన్నవి తెల్లమద్దులు, నీళ్లు లేకపోతే బతకలేవు. ఎదురుగా గుట్ట మీదివి నల్లమద్దులు, బండల మధ్య కూడా బతికేస్తాయి. ఈ రెండింటికీ పుట్టిన చెట్టు ఒకటుంది. హైబ్రిడ్ పత్తి గింజల కోసం కంపెనీలు కిందామీదా పడతాయి గానీ, ఇక్కడ తేనెటీగలే ఆ పని కానిచ్చేశాయి. ఆ చెట్టుకు రెండు వైపుల గుణాలూ వచ్చాయి. ఎండలు ముదిరితే వాగు ఒడ్డుకు దిగుతుంది, వానలు ముదిరితే గుట్ట ఎక్కుతుంది. అది నడిచే దారిలో ఊళ్లో ఎవరూ గుడిసె వేయరు, పశువుల్ని కట్టరు.

నాలుగోసారి పొర విడిచాక పురుగుల ఆకలికి అడ్డుండదు. ఒక చెట్టు మీద ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మల్నే కోసి ఇంకో చెట్టు మీదికి చేర్చాలి. ఆ పొద్దున గ్రేస్ ఆ పని ఒక్కతే సంబరంగా చేసింది. సాలమ్మ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"ఓ పిల్లా! గీ చెట్టు మీద ఎందుకు పెట్టినవే? గిది నడిచే చెట్టు!"

"తెల్లమద్దే కద అత్తమ్మా? బెరడు తెల్లగనే ఉన్నది."

"వాగు దిక్కు తెల్లగనే ఉంటది. గుట్ట దిక్కు చూడు."

గ్రేస్ అటు తిరిగి చూసింది. ఆ వైపు బెరడు నల్లగా, మొసలి వీపులా పగుళ్లు తేలి ఉంది.

"అది కదిలిందంటె ఒక్క పురుగు మిగలదు. జల్ది దింపు!"

దింపేలోపే ఆకాశం నల్లబడింది. ఎగువన ఎప్పుడు కురిసిందో ఏమో, వాగు ఎర్రగా పొంగి మీదికొచ్చింది. ఇద్దరూ పడుతూ లేస్తూ గట్టు ఎక్కారు. కళ్ల ముందే తెల్లమద్దులు కొమ్మల దాకా మునిగాయి. వాటి మీది పురుగులన్నీ కొట్టుకుపోయాయి. సాలమ్మ కూలబడి ఏడ్చింది.

అప్పుడే ఆ రెండు రంగుల మద్ది వేళ్లు పెకలించుకుని, నీళ్లు చిమ్ముకుంటూ గట్టు మీదికి అడుగేసింది.

గ్రేస్ పరుగెత్తి కొమ్మ అందుకుని ఎక్కేసింది.

"అత్తమ్మా, పట్టుకున్నయి! ఒక్కటి గూడ పడతలేదు!"

నిజమే. పురుగులు కాళ్లు బిగించి ఆకును కరుచుకుని, మేత కూడా మానకుండా ఊరేగుతున్నాయి. చెట్టు నిండు చూలాలిలా అడుగు చూసుకుంటూ గుట్ట ఎక్కుతోంది. గ్రేస్‌కు ఆనందంతో నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సాలమ్మ కొంగు నడుముకు చుట్టి వెనకాలే ఉరికింది.

"మెల్లగ పోవే తల్లీ! జర మెల్లగ!" అని చెట్టును బతిమాలుతూనే ఉంది.

పైన నల్లమద్దుల పక్కన అది కుదురుకుంది. కొన్నాళ్లకు పురుగులు గూళ్లు అల్లుకుని, కొమ్మకొమ్మకూ పట్టుకాయలు వేలాడాయి. గ్రేస్ పొద్దున్నే చెట్టెక్కి కోయడం మొదలుపెట్టింది. కింద నిలబడి సురేష్ జనగామ దుకాణం సేటుకు ఫోన్ చేశాడు.

"మేం వస్తలేమన్నా."

"ఏమైందిరా?"

"మద్ది గుట్టెక్కింది. మా గ్రేస్ మద్ది మీదున్నది. నన్ను గూడ ఎక్కుమంటున్నది."

"గట్లనా! అయితే దాని గింజలు నాకు నాలుగు ఉంచు" అన్నాడు సేటు.

సురేష్ ఫోన్ జేబులో పెట్టుకుని, చెప్పులు విడిచి, మొదటి కొమ్మ అందుకున్నాడు.