జాంబియా చొక్కా

లూసీ పొద్దున లేవగానే చేసే పనులు మూడు. పాలు పొయ్యి మీద పెట్టడం, మొగుడి ఫోన్ పెట్టిన చోటే ఉందా అని చూసుకోవడం, హాల్లో చొక్కా కింద బకెట్‌లోకి తొంగి చూడటం. మొదటిది కాపురం కోసం, రెండోది మనశ్శాంతి కోసం, మూడోది కింది ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ కోసం.

ఆ చొక్కా జాంబియా ఫుట్‌బాల్ జట్టుది. ఆకుపచ్చది, గుండె మీద గద్ద బొమ్మ. ఆ జట్టు ప్రపంచంలో ఏ మూల ఆడినా అమెరికాలో, జెర్సీ సిటీలో, లూసీ ఇంట్లో హ్యాంగర్‌కి వేలాడే ఈ చొక్కాకి చెమట పడుతుంది. మ్యాచ్ ఉన్నంతసేపూ పడుతుంది. జట్టు గెలిస్తే తొలకరి తగిలిన మట్టివాసన వేసి, చొక్కా దూదిలా తేలికవుతుంది. ఓడితే తడిసిన బొంతలా బరువెక్కి హ్యాంగర్ వంగిపోతుంది. డ్రా అయితే ఉత్త తడి. బిల్డింగ్‌లో అందరికీ తెలుసు. బిల్డింగ్ రిపేర్లు చూసే సూపర్ ఒకసారి వచ్చి చూసి, బకెట్ ఇంకొంచెం పెద్దది పెట్టమని చెప్పి పోయాడు.

చొక్కా ఇచ్చింది మ్వాన్సా అనే పెద్దాయన. తెలుగు చర్చి వాళ్ళు అద్దెకు తీసుకున్న బేస్‌మెంట్ హాల్లో పొద్దున జాంబియా వాళ్ళ ఆరాధన, మధ్యాహ్నం మనవాళ్ళది. వాళ్ళది అయ్యాక కుర్చీలు సర్దడానికి ఆయన ఆగేవాడు. మనవాళ్ళలో కుర్చీ పట్టుకునే మగాడు లూసీ మొగుడు నోయెల్ ఒక్కడే. మిగతావాళ్ళు పార్కింగ్ దొరకలేదంటూ సరిగ్గా బిర్యానీ మూత తీసే వేళకి దిగేవాళ్ళు. మ్వాన్సా డాలస్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ చొక్కా నోయెల్ చేతిలో పెట్టాడు. కూతురింట్లో అన్ని గదుల్లోనూ కార్పెట్టేనట.

"ఉత్తినే ఎవరిస్తారండీ?" అంది లూసీ ఆ రోజే.

ఆమె ఎవర్నీ నమ్మదు. ప్రార్థనలో కూడా ఒక కన్ను తెరిచే ఉంచుతుంది, ఎవరు ఎవర్ని చూస్తున్నారో తెలియాలిగా. డిపెండెంట్ వీసా మీద వచ్చింది, ఉద్యోగం చేసే వీల్లేదు. ఆమెకున్న కార్డు లైబ్రరీ కార్డు ఒక్కటే. దాన్ని మాత్రం అరగదీసింది. చొక్కా ఇంటికొచ్చిన వారంలో జాంబియా జట్టు ఆడిన మ్యాచ్‌ల చరిత్ర మొత్తం చదివి పారేసింది. ఎనభై ఎనిమిది ఒలింపిక్స్‌లో ఇటలీని నాలుగు సున్నాతో కొట్టారు. తొంభై మూడులో గాబన్ తీరంలో విమానం కూలి పద్దెనిమిది మంది ఆటగాళ్ళు పోయారు. మరుసటి ఏడే కొత్త పిల్లల్ని కూడగట్టుకుని ఆఫ్రికా కప్ ఫైనల్ దాకా వెళ్ళి ఓడారు. రెండు వేల పన్నెండులో అదే గాబన్‌లో, పెనాల్టీల మీద ఎనిమిది ఏడుతో కప్పు కొట్టారు. వరల్డ్ కప్‌కి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు.

"ఒక్కసారి కూడానా?" అని లైబ్రరీ కంప్యూటర్‌ని నిలదీసింది లూసీ.

అప్పట్నుంచి లెక్క సరిచూడటం మొదలుపెట్టింది. గుంటూరు నుంచి తెప్పించుకున్న చర్చి క్యాలెండర్లో, చొక్కా తడిసిన తేదీ గడిలో 'గె' అనో 'ఓ' అనో 'డ్రా' అనో రాసేది. తర్వాత మ్యాచ్ ఫలితాలు చూసేది. ఎనిమిది నెలల్లో ఒక్కటీ తప్పు పోలేదు. ఆ ఇంట్లో లూసీ అనుమానించడం మానేసిన మొదటి ప్రాణి ఆ చొక్కానే.

అలాంటిది ఒక మంగళవారం లూసీ కూరగాయలకి వెళ్ళొచ్చేసరికి చొక్కా తడిసి, బరువెక్కి ఉంది. ఆ రోజు జాంబియాకి మ్యాచ్ లేదు. గురువారం మళ్ళీ. ఆ పై మంగళవారం మళ్ళీ. మ్యాచ్ లేకుండా మూడు ఓటములు.

శనివారం టిఫిన్ దగ్గర నోయెల్ ముందు ప్లేటు పెట్టి, తను ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, మంగళవారం మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"ఆఫీస్‌లో."

"నేను బయటికెళ్ళినప్పుడు ఇంటికొచ్చి ఈ చొక్కా వేసుకున్నారా?"

"నేనా? ఎందుకు వేసుకుంటాను?"

"జాంబియాకి మ్యాచ్ లేదు. మరి ఆ చెమట ఎవరిది? ఎవరితో ఎక్కడ పరిగెత్తారు?"

తొమ్మిదేళ్ళ ఎలీనా సీరియల్ నములుతూ అంది. "అమ్మా, డాడీ రన్ చెయ్యడు. బస్ వెళ్ళిపోతే కూడా జస్ట్ చూస్తాడు."

నోయెల్ నవ్వలేదు. స్పూన్ కింద పెట్టాడు.

"నాకు జాబ్ పోయింది లూసీ. ముప్ఫై ఆరు రోజులైంది."

రోజూ బ్యాగ్ తగిలించుకుని ట్రైన్ ఎక్కుతున్న మనిషి, ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ స్టేషన్లో దిగి, నది ఒడ్డున బెంచీ మీద కూర్చుంటున్నాడు. అక్కణ్ణుంచే ఫోన్లో మూడు ఇంటర్వ్యూలు ఇచ్చాడు. మూడూ పోయాయి.

"ఫోన్ ఇలా ఇవ్వండి," అంది లూసీ. మెయిల్స్ తెరిచి ఇంటర్వ్యూ తేదీలు చూసింది. మంగళవారం, గురువారం, మంగళవారం. లేచి వెళ్ళి క్యాలెండర్లో ఆ మూడు గడుల్లో 'ఓ' రాసింది.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏడుస్తావని కాదు. క్రాస్ ఎగ్జామిన్ చేస్తావని."

లూసీ ఫోన్ అతనికి తిరిగిచ్చేసింది. అలా జరగడం అరుదు.

"రేపు చర్చిలో ప్రార్థన మనవి ఇద్దాం," అన్నాడు నోయెల్. "కాలేబ్ వాళ్ళ కంపెనీలో ఏమైనా..."

"వద్దు. నా గాల్ బ్లాడర్ నొప్పికి మీరు మనవి ఇస్తే ఏమైంది? సాయంత్రానికల్లా పదకొండు మంది ఫోన్ చేసి క్యాన్సరా అని అడిగారు. ఒకావిడ నా చీరల గురించి కూడా అడిగింది. ఇక ఆ కాలేబా? మూడుసార్లు బిర్యానీ పెట్టించుకుని నాలుగోసారి పార్సిల్ అడిగే మనిషి. మన ఫ్లాట్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తాడు."

"ఇంకా ఇరవై నాలుగు రోజులుంది లూసీ. జాబ్ పోయాక అరవై రోజుల దాకా ఈ దేశంలో ఉండొచ్చు."

"అరవై అని రాసి ఉంటే నమ్మెయ్యడమేనా? చివరిదాకా కూర్చుంటే ఎయిర్‌పోర్ట్‌లో ఏ ముద్ర కొడతారో! టికెట్లు బుక్ చెయ్యండి."

నలభై ఆరో రోజు మంగళవారానికి టికెట్లు దొరికాయి. ఎలీనా బడి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ పిల్ల మాత్రం లైబ్రరీ పుస్తకాలన్నీ గడువుకి ముందే తిరిగిచ్చేసి వచ్చింది.

ప్రయాణానికి ముందు శనివారం లూసీ సూట్‌కేసులు సర్ది, చేతి త్రాసుకి తగిలించి తూచింది. చొక్కా పెట్టిన సూట్‌కేసు సరిగ్గా ఇరవై మూడు కిలోలు. ఆదివారం చర్చికి బయల్దేరే ముందు, నోయెల్ ఏమైనా కూరాడేమోనని మళ్ళీ తూచింది. ఇరవై ఆరు.

"ఏం పెట్టారు ఇందులో?"

"నేను ముట్టుకోలేదు."

జిప్ లాగింది. చొక్కా నీళ్ళు కారుతోంది. ఎలీనా బట్టలు తడిసి ముద్దయ్యాయి.

"ఇవాళ ఇంటర్వ్యూ ఉందా? నిజం చెప్పండి."

"ఆదివారం ఎవరు తీసుకుంటారు?"

లూసీ అతని ఫోన్ చూసింది. ఏమీ లేదు. జాంబియా మ్యాచ్‌లు చూసింది. ఏమీ లేదు. చొక్కాని రెండు చేతులా ఎత్తింది. ఎత్తుతుంటేనే ఇంకా బరువెక్కుతోంది. ఎవరో ఆడుతున్నారు, ఓడిపోతున్నారు కూడా. నోయెల్ ఆట ఎప్పుడో వదిలేసి తాళాలు వెతుక్కుంటున్నాడు. ఎలీనా బూట్ల లేసులు కట్టుకుంటోంది. లూసీ ఇంట్లో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ చూసి, చివరికి తన చేతులు చూసుకుంది.

చొక్కాని ఇండియన్ స్టోర్ కవర్లో కుక్కి చర్చికి పట్టుకెళ్ళింది.

పాస్టర్ కృపావరం గారు ముందు స్తుతులు, అంటే దేవుడు చేసిన మేళ్ళు, చెప్పమన్నారు. ఆరేళ్ళుగా లూసీ లేచేది ఇక్కడే, అన్నీ బాగున్నాయని చెప్పి కూర్చునేది. ఈసారి లేవలేదు. కుర్చీ కింద కవర్లోంచి నీళ్ళు కారి ముందు వరస దాకా పాకాయి. ముందున్నావిడ చెప్పులు పక్కకి జరుపుకుంది.

"ప్రార్థన మనవులున్నవాళ్ళు చెప్పండమ్మా."

లూసీ లేచింది.

"మా ఆయనకి జాబ్ పోయి నలభై నాలుగు రోజులు. ఎల్లుండికి టికెట్లు. మీ దగ్గర దాచింది నేనే. ప్రార్థన చెయ్యండి. చేతనైతే పని కూడా చెయ్యండి. ఫోన్ చేసి నా చీరల గురించి అడగొద్దు."

నోయెల్ తల దించుకున్నాడు. వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. కాలేబ్ లేచాడు.

"సిస్టర్, నోయెల్ బ్రదర్‌ది డేటాబేస్ పనే కదా? మా టీమ్‌లో రెండు నెలల నుంచి మనిషి దొరక్క చస్తున్నాం. నేను పలకరిస్తే మీరు మొహం తిప్పుకుంటారు, ఇంక ఎలా తెలుస్తుంది? రేపు పొద్దున్నే మా మేనేజర్‌తో మాట్లాడిస్తాను. ఇంకా పదహారు రోజులు టైముంది, ఆ లోపు వీసా పేపర్లు ఫైల్ చేయిస్తారు."

"మీకేంటి లాభం?" అంది లూసీ అలవాటు కొద్దీ.

"మీ బిర్యానీ ఈ ఊళ్ళోనే ఉంటుంది సిస్టర్."

హాలంతా నవ్వింది. పాస్టర్ గారు కూడా నవ్వి, అందర్నీ కళ్ళు మూసుకోమని ప్రార్థన మొదలుపెట్టారు.

"అమ్మా," ఎలీనా గుసగుసలాడింది, "రెయిన్ స్మెల్."

కిటికీల్లేని బేస్‌మెంట్. బయట మాడ్చేసే ఎండ. లూసీ వంగి కుర్చీ కింద కవర్ ఎత్తింది. చేతిరుమాలంత బరువు కూడా లేదు. కవర్ ఒళ్ళో పెట్టుకుని మొగుడి చెవి దగ్గరికి జరిగింది.

"ఇంటికెళ్ళాక టికెట్లు క్యాన్సిల్ చెయ్యండి."

"ఇంకా వాళ్ళ మేనేజర్‌తో మాట్లాడనే లేదు కదే!"

"మ్యాచ్ అయిపోయింది. కళ్ళు మూసుకోండి," అంది లూసీ. ఆరేళ్ళలో మొదటిసారి తనూ రెండు కళ్ళూ మూసుకుంది.