చప్పట్లు కొట్టారంతే

నిరుపమ పెసలు కడుగుతుండగా రవికిరణ్ వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ తలుపు తీసి, అందులో తలపెట్టి చెప్పాడు. "నిరూ, ఆ కెనడా ప్లేయర్ లేడూ, డారెన్, ఈ సీజనంతా మనింట్లోనే ఉంటాడు. క్లబ్‌లో మాటిచ్చేశాను."

మాటిచ్చేశాక చెప్పడం అతని పద్ధతి. అడిగితే కాదంటుందని భయం కాదు, అడగాల్సిన విషయమని అతనికి తోచదు. అత్త సొమ్ము అల్లుడు దానం అని సామెత ఉంది గాని, పెళ్ళాం ఓపికను మొగుడు దానం చెయ్యడం గురించి ఎవరూ సామెత కట్టలేదు. మరీ మామూలు సంగతి అనుకుని ఉంటారు. నిరుపమ పెసల మీద నీళ్ళు వంపి, "మనింట్లో మాంసం వండం అని చెప్పారా?" అని మాత్రం అడిగింది. "నీ వంట రుచి చూశాక వాడికి మాంసం ఎక్కడ గుర్తొస్తుంది?" అన్నాడు రవికిరణ్. దాంతో ఆ సంగతి తేలిపోయింది.

న్యూజిలాండ్‌లోని ఈ డునెడిన్‌లో ఐస్ హాకీ ఊరంతా ఎగబడి చూసే ఆటేమీ కాదు. కూతురు కీర్తన స్కేటింగ్ నేర్చుకుంటానంటే తీసుకెళ్ళిన రవికిరణ్ అక్కడి హాకీ క్లబ్ కమిటీలో చేరాడు. ఏడాది తిరిగేసరికి యూనివర్సిటీలో తన ఐటీ ఉద్యోగం కంటే క్లబ్బు వ్యవహారాలే ఎక్కువ చూసుకుంటున్నాడు. ఇక్కడ చలికాలమంటే అవతలి దేశాల్లో ఎండాకాలం, అక్కడ ఆటలుండవు. ఆ ఖాళీలో కొందరు ఆటగాళ్ళు ఇక్కడికి వస్తారు. క్లబ్బు విమానం టిక్కెట్టు ఇస్తుంది గాని జీతాలు ఇచ్చుకోలేదు. తిండీ పడకా ఎవరో ఒక కుటుంబం చూసుకోవాలి. కుటుంబం అంటే అందులో ఎవరో వేరే చెప్పక్కర్లేదు కదా.

డారెన్‌కి ముప్పై నాలుగేళ్ళుంటాయి. గుమ్మం తలకి తగలకుండా వంగి లోపలికొచ్చే మనిషి. అతనిది గోల్ కొట్టే పని కాదు, కొట్టనివ్వకుండా అడ్డం పడే పని, డిఫెన్స్‌మన్. కుర్రతనంలోనే డబ్బుకి ఆడటం మొదలుపెట్టి, అమెరికాలో చిన్నాచితకా ఊళ్ళూ, డెన్మార్కూ, జర్మనీ తిరిగి, మోకాలు కోయించుకుని, చివరికి జీతమే లేని ఈ ఊరికి వచ్చి పడ్డాడు. "అంత ప్రొఫెషనల్ మన గరాజ్‌లో బూట్లు విప్పుతున్నాడంటే మాటలా?" అని రవికిరణ్ ఫోటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. ఫోటోలకి వాసన ఉండదు. చెమటకి నానిన ఆ ప్యాడ్లూ, చేతి తొడుగులూ గది వెచ్చబెట్టే హీట్ పంప్ ముందు ఆరేసేటప్పుడు నిరుపమ చీర కొంగు లేదే అని విచారించింది, ముక్కుకి కట్టుకోవడానికి.

మొదటి రాత్రే భోజనం కాగానే డారెన్ తన కంచం తీసుకుని సింకు వైపు నడిచాడు. "వదిలెయ్ డారెన్, మా ఆవిడ చూసుకుంటుంది," అన్నాడు రవికిరణ్, ఎంతో మర్యాదగా. తన సొంత కంచం కూడా బల్ల మీదే వదిలేసి లేచాడు.

ఆ రోజుల్లోనే హాస్పిటల్ ల్యాబ్‌లో నిరుపమని పై అధికారిణి ఎలిసన్ పిలిచింది. నిరుపమది అప్పటిదాకా ఒక్కపూట ఉద్యోగమే. మైక్రోబయాలజీ విభాగం బాధ్యత తీసుకుంటావా, ఫుల్‌టైమ్, ఆగస్టు చివర్లోగా చెప్పు అంది. ఎమ్మెస్సీ చదివి, ఈ దేశం వచ్చాక మళ్ళీ పరీక్షలు రాసి, పిల్ల కోసం మధ్యలో ఆపి, మళ్ళీ మొదలుపెట్టిన మనిషికి ఆ మాట చెవిలో పడగానే కళ్ళు చెమర్చాయి. ఇంటికొచ్చి చెబితే రవికిరణ్ కసురుకోలేదు, వద్దనలేదు. ఎంతో ప్రేమగా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు: "అక్కడ నువ్వు కాకపోతే ఇంకొకరొస్తారు నిరూ. ఇక్కడ నువ్వు లేకపోతే ఇల్లు నడవదు. ఆలోచించుకో." సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ మాటకి ఒక పూటంతా ఆమెకి సంతోషంగానే ఉంది. కాకినాడ నుంచి స్కైప్‌లో అత్తగారు విజయలక్ష్మి కూడా అంతే. "ఉద్యోగాలెవరైనా చేస్తారమ్మా, నీలాంటి చెయ్యి అందరికీ ఉంటుందా?" అంది. ఊళ్ళో తెలుగువాళ్ళయితే పేరుతో పిలవడం ఎప్పుడో మానేసి అన్నపూర్ణ గారంటున్నారు. మెచ్చి మేకతోలు కప్పడమంటే ఇదేనేమో అని ఆమెకి అప్పుడప్పుడూ అనిపిస్తుంది. కాని మేకతోలైనా వెచ్చగానే ఉంటుంది, డునెడిన్‌లో చలి అలాంటిది.

శనివారాలు ఆట. కమిటీ వాళ్ళకోసం పులిహోర డబ్బా, టీ ఫ్లాస్కులూ మోసుకెళ్ళి, కాళ్ళు కొయ్యబారిపోతుండగా నిరుపమ కూతురి పక్కన కూర్చునేది. మొదట్లో ఆ నల్లటి రబ్బరు బిళ్ళ ఎటు పోతోందో కూడా తెలిసేది కాదు. ఒక శనివారం డారెన్ అద్భుతంగా ఆడుతున్నాడు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు గోడకి ఆనించి బిళ్ళ లాక్కుంటున్నాడు. జనం అతని పేరు పెట్టి అరుస్తున్నారు. సరిగ్గా అప్పుడు అతను గిర్రున తిరిగి, కట్ట దాటి బెంచీ మీద కూర్చున్నాడు. ఇంకొకడు దూకి మంచు మీదికి వెళ్ళాడు. రిఫరీ ఈల వెయ్యలేదు, ఆట ఆగలేదు.

"అయ్యో, దెబ్బ తగిలిందా?" అంది నిరుపమ.

"నో అమ్మా. హీ ఈజ్ జస్ట్ టైర్డ్. ఎవ్రీబడీ చేంజెస్, ఆల్ ద టైమ్."

"రమ్మని ఎవరు పిలిచారు మరి?"

"నోబడీ. యూ జస్ట్ గో," అంది కీర్తన, ఇది కూడా తెలీదా అన్నట్టు.

నిరుపమ ఆ తర్వాత బిళ్ళని చూడటం మానేసి బెంచీనే చూసింది. నిమిషం తిరక్కుండా వస్తున్నారు, కూర్చుంటున్నారు, నీళ్ళు తాగుతున్నారు, మళ్ళీ దూకుతున్నారు. ఒంట్లో బాలేదా అని ఎవరూ అడగడం లేదు. అలిసిపోయాను అనడానికి అలిసిపోవడం ఒక్కటే చాలట వాళ్ళకి. ఆమెకి ఇంట్లో కూర్చోవాలంటే జ్వరం రావాలి. జ్వరం వచ్చినా చారు కాచి కూర్చోవాలి. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో తను దిగొస్తే ఎక్కడానికి ఎవరున్నారని వెతికింది. మనుషులు లేకపోలేదు, ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళకి ఆ దారి ఎవరూ చూపించలేదు. చూపించాల్సింది తనేనేమో, ఆ సంగతి మాత్రం ఆ పూట ఎంత ఆలోచించినా తేలలేదు.

మర్నాడు మధ్యాహ్నం రవికిరణ్, కీర్తన బయటికెళ్ళారు. డారెన్ కంచం కడుగుతున్నాడు. ఇంటాయన లేనప్పుడల్లా అతను దొంగతనంగా కడిగేస్తాడు. నిరుపమ తుడుస్తూ అడిగింది, నిన్న అంత బాగా ఆడుతున్నవాడివి మధ్యలో ఎందుకు దిగొచ్చేశావని.

అతను మోకాలు చూపించాడు. "దీని పుణ్యం. జర్మనీలో ఒక మ్యాచ్. కాళ్ళు అయిపోయాయి, నాకు తెలుస్తూనే ఉంది. కాని జనమంతా లేచి నా పేరు అరుస్తున్నారు. దిగబుద్ధి కాలేదు. అవతలివాడు తిరిగాడు, నేను తిరిగాను, మోకాలు తిరగలేదు. దాంతో అసలైన కెరీర్ అయిపోయింది. తర్వాతదంతా కొసరు."

"కోచ్ ఉండమన్నాడా?"

"ఎవరూ ఉండమనలేదు. చప్పట్లు కొట్టారంతే."

నిరుపమ తుడిచిన కంచాన్నే మళ్ళీ తుడిచింది. "మీ ఆవిడ ఎక్కడుంటారు?" అంది.

"తన ఊళ్ళో. టీచర్. ఇప్పుడు నా భార్య కాదు." అతను కుళాయి కట్టేశాడు. "నేను ఆడిన ప్రతి ఊరికీ వచ్చింది. ప్రతి ఊళ్ళో ఉద్యోగం వెతుక్కుంది, నా టీమ్ మారగానే మానేసింది. భలే భార్య దొరికిందని అందరూ మెచ్చుకునేవాళ్ళు, నేనైతే అందరికంటే ఎక్కువ. నేను దిగి కూర్చోవడానికి బెంచీ ఉండేది. ఆమెకి లేదు. వెళ్ళిపోయాక గాని నాకు తెలియలేదు."

మంచివాడే, ఆలస్యంగా. ఆలస్యంగా మంచివాళ్ళయిన మగవాళ్ళు చెప్పే కథలు వినడానికి బాగుంటాయి. ఆ టీచరమ్మకి మాత్రం ఏం ఒరిగిందని నిరుపమకి అతని మీద కోపం కూడా వచ్చింది. అయినా ఆ చప్పట్ల మాట లోపల ముల్లులా దిగిపోయింది. తనని కొట్టినవాళ్ళు లేరు, తిట్టినవాళ్ళు లేరు. నీకేం లోటని ఎవరైనా అడిగితే తనే తడబడుతుంది. ఇన్నేళ్ళూ పొయ్యి దగ్గర నిలబెట్టింది వీళ్ళ చప్పట్లే. ఆ చప్పుడు ఆగిపోతుందేమోనన్న భయంతోనే కదా తను దిగనిది.

ఆగస్టు చివరి శనివారం డారెన్‌కి వీడ్కోలు విందు, వీళ్ళింట్లోనే. ఎలిసన్‌కి సోమవారం జవాబు చెప్పాలి. క్లబ్ ప్రెసిడెంట్ ఇయాన్, జట్టులో కొందరు, తెలుగువాళ్ళ తరఫున హాస్పిటల్ డాక్టరు శ్రీనివాసమూర్తి గారు వచ్చారు. పెసరట్టు వేడిగా తింటేనే తిన్నట్టని రవికిరణ్ అందరికీ చెప్పాడు. అంచేత బల్లకీ పొయ్యికీ మధ్య నిరుపమ తిరుగుతూనే ఉంది. తను తినే వేళకి అట్లు చల్లారి అట్టముక్కలవడం మామూలే.

వచ్చే ఏడాది ఆటగాళ్ళకి ఇళ్ళు వెతకాలని ఇయాన్ అన్నాడు. "వెతకడమెందుకు? మేము ఇద్దర్ని పెట్టుకుంటాం," అన్నాడు రవికిరణ్.

"మీ ఆవిడ ఉండగా ఇద్దరేం ఖర్మండీ, నలుగురైనా లెక్క లేదు. సాక్షాత్తూ అన్నపూర్ణ," అన్నారు మూర్తి గారు. రవికిరణ్ అది ఇంగ్లీషులో చెప్పాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆమె వైపు తిరిగి చప్పట్లు కొట్టారు.

నిరుపమ అప్పుడే రవికిరణ్ కంచంలో ఒక అట్టు వేసి వచ్చి, పెనం మీద ఇంకో గరిటెడు పిండి పోసి గుండ్రంగా తిప్పింది. ఉల్లిపాయ ముక్కలు చల్లింది. అట్లకాడ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని భర్త పక్కన కూర్చుంది.

"ఏమైంది? ఒంట్లో బాలేదా?" అన్నాడు రవికిరణ్.

"బానే ఉన్నాను. అలిసిపోయాను."

"పెనం మీద అట్టుంది నిరూ."

"ఉందండీ."

కీర్తన కుర్చీ వెనక్కి జరిపి లేవబోయింది. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల లేవడం నిరుపమ చూసింది. "నువ్వు కూర్చో తల్లీ," అంది. డారెన్ సగం లేచాడు. ఇంగ్లీషులో అతనికీ అదే చెప్పింది. అతను కూర్చున్నాడు. మాడు వాసన మొదలైంది. ఆమె భర్త వైపు తిరిగి, నలుగురిలోనూ ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"సోమవారం ల్యాబ్‌లో ఫుల్‌టైమ్‌కి సరేనంటున్నాను. వచ్చే ఏడాది ఇద్దరొస్తే మీరు వండాలి. ఇప్పుడు ఆ అట్టు చూడండి, మాడిపోతోంది."

రవికిరణ్ ఇయాన్ వంక చూశాడు, మూర్తి గారి వంక చూశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పొగ అలారం కీచుమని మొదలుపెట్టేసరికి లేచి వంటింట్లోకి పరుగెత్తాడు. "నిరూ, దీన్నెలా తిప్పాలి?" అని కేక వేశాడు.

"అంచులు లేపి చూడండి, తెలుస్తుంది," అంది నిరుపమ.

అతని కంచం తన ముందుకి జరుపుకుంది. పొగలు కక్కుతున్న పెసరట్టు తుంచి, అల్లప్పచ్చడిలో ముంచి, నోట్లో పెట్టుకుంది. పచ్చడిలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. ఇంతసేపూ అంతమంది లొట్టలు వేసి మెచ్చుకుంటూ తిన్నారు, ఒక్కరూ చెప్పలేదు.