మర్యాద తెలిసిన సెట్టు

నేను పాపను తీసుకుని ఇల్లు వదిలిన మర్నాడే మా ఆయన మా పిన్నికి ఫోన్ చేశాడు. తిట్టలేదట, అరవలేదట.

"దాని సంగతి నాకక్కర్లేదు అత్తయ్యగారూ. పాపను మాత్రం తెచ్చుకుంటాను. అడ్డమొస్తే దాని రెండో చెయ్యి కూడా విరుస్తాను" అని నెమ్మదిగా చెప్పి పెట్టేశాడట.

మొదటి చెయ్యి విరిచింది ఆయనే కాబట్టి మాట నమ్మదగ్గదే.

వేరే ఊళ్ళో ఒక దర్జీ అక్క కొట్టు మీది గదిలో చేరాం. కింద కొట్టులో బట్టలు కుట్టేదాన్ని, పని ఎక్కువైతే పైకి తెచ్చుకుని ఇస్త్రీ చేసేదాన్ని. పాపకు నాలుగో ఏడు. బుడంకాయలా గుండ్రంగా ఉంటుందని అక్క దాన్ని బుడంకాయ అనే పిలిచేది. తలుపు గడియ వేసి, వేశానా లేదా అని మళ్ళీ చూసి, పడుకున్నాక లేచి ఇంకోసారి చూసేదాన్ని. మెట్ల మీద ఎవరి అడుగు వినబడినా పాపను దగ్గరికి లాక్కునేదాన్ని.

పిన్ని టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరైంది. ఆమెకు హామ్ రేడియో పిచ్చి, లైసెన్సు తీసుకుని సరదాకి ఊరూరివాళ్ళతో రేడియోలో మాట్లాడుకోవడమన్నమాట. ఒకరోజు బస్సు దిగి, సంచీలోంచి చేతిలో పట్టేంత సెట్టు, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఏంటిది పిన్నీ, వాకీటాకీనా?"

"ఆ మాట మా క్లబ్బులో అంటే తన్ని తగలేస్తారు. డిజిటల్ సెట్టు. నువ్వు దీంట్లో మాట్లాడితే ఈ డబ్బీ అందుకుని ఇంటర్నెట్టులో ఈ ఊరి గ్రూపుకు చేరేస్తుంది. లైసెన్సు తెచ్చుకున్నావుగా, ఇంకా నోరు మూసుకుని కూర్చుంటావా?"

తొమ్మిదో తరగతిలో బడి మానిన నేను ఆ లైసెన్సు పరీక్ష పాసయ్యానంటే, పిన్ని ఫోన్లో పాఠాలు రుబ్బి రుబ్బి పోసినందువల్లే.

"ఛానళ్ళన్నీ ఒక్కొక్కటే పేర్చుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. నా సెట్టులో ఉన్నవన్నీ ఇందులోకి దించేస్తా" అని తీగ తగిలించి, పిల్లకు చొక్కా తొడిగినంత సులువుగా దించేసింది. తర్వాత నా నంబరు ఎక్కించింది. "ముందు చిలకతో మాట్లాడు."

చిలక అంటే మన మాట మనకే తిరిగి అప్పజెప్పే ఛానల్. పక్కనున్న మీట నొక్కి "హలో" అన్నాను. వదిలాక నా గొంతే తిరిగొచ్చింది. ఎవరో ధైర్యమున్న ఆడమనిషిలా ఉంది. పాప సెట్టు లాక్కుని అందులో కీచుమని అరిచింది. తిరిగొచ్చింది మాత్రం అరుపు కాదు, సీసాలో నీళ్ళు ఒంపినట్టు గుళగుళ. పాప పడీపడీ నవ్వి, ఆ రోజంతా చిలకను ఏడిపించింది.

"ఇంకోటి. కొత్తవాళ్ళు ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో దూరి తిట్లు తింటారు. నీ సెట్టుకు మర్యాద పెట్టాను. అవతల ఎవరైనా మాట్లాడుతుంటే నువ్వు మీట నొక్కినా పోదు. బొయ్యిమని ఊరుకుంటుంది" అంది పిన్ని.

"కొత్తకోడలన్నమాట."

"కొత్తకోడలే. పాతబడ్డాక తీసేద్దాంలే. అన్నట్టు, నువ్వున్న చోటు కూడా ఇది పంపుతుంది. పటంలో చుక్క పడుతుంది. పాపను తీసుకుని బజారుకెళ్ళి క్షేమంగా తిరిగొచ్చావో లేదో ఇంట్లో కూర్చుని చూసుకుంటా."

ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. మమ్మల్ని చూసే కన్ను ఒకటుంది కదా అనుకున్నాను.

ఉదయంపూట గ్రూపులో సందడిగా ఉండేది. అందరికంటే ఎక్కువ మాట్లాడే పెద్దాయనను సోది తాతయ్య అనేవారు, ఆయన వినేలాగానే. టాక్సీ నడిపే కుర్రాడొకడు ఆయనను ఆటపట్టిస్తుండేవాడు. "తాతయ్యా, మీరు మొదలుపెట్టినప్పుడు ఎక్కిన ప్యాసింజరు దిగిపోయాడు, మీరింకా ఆపలేదు" అనేవాడు. నేను రోజుకు ఒకటి రెండు మాటలు మాట్లాడేదాన్ని. ఇల్లెక్కడో మాత్రం చెప్పేదాన్ని కాదు.

ఆ రోజు అక్క కొట్టుకు సెలవు. కింద ఎవరూ లేరు. ఇస్త్రీపెట్టె వేడెక్కుతోంది, పాప కత్తిరింపుల బల్ల కింద గుడ్డపీలికలతో ఆడుతోంది, అలమర మీద సెట్టులో తాతయ్య యాంటెన్నా గడ సంగతి చెబుతున్నాడు. తలుపు మీద పెద్ద దెబ్బ. రెండో దెబ్బకు గడియ ఊడి నా కాళ్ళ దగ్గర పడింది.

ఆయన చేతిలో జాకీ రాడ్డుంది. నేను ఫోన్ అందుకునేలోగా రాడ్డు దాని మీద పడింది. ఫోనుతోపాటు నా రెండు వేళ్ళు కూడా నలిగాయి.

"ఎలా కనుక్కున్నానా అని చూస్తున్నావా? మీ పిన్ని స్కూటరు వెనకాల రాసుకుంటుందిగా, ఆ రేడియో పేరు. నెట్‌లో కొట్టా. ఒక చుక్క వాళ్ళింట్లో. అదే పేరుకు తోకగా ఏడు అంకె తగిలించుకున్న చుక్క ఇంకోటి ఇక్కడ. దర్జీ కొట్టు, బజారు, మళ్ళీ దర్జీ కొట్టు. ముసలిదానికి రెక్కలొచ్చాయా అనుకున్నా."

పిన్ని మాట్లాడే నంబరైతే మార్చింది. తన సెట్టులోంచి దించినప్పుడు వచ్చేసిన, చుక్క పక్కనుండే తన పేరు మార్చడం మరిచింది. ఆ పటం లోకమంతా చూడొచ్చని ఇద్దరికీ తట్టలేదు. రేడియోవాళ్ళకు పదిమందికి కనబడటం, వినబడటమే పండగ. దాక్కోవడం వాళ్ళకు చేతకాదు.

సెట్టు అందుకుని మీట నొక్కాను. బొయ్యిమంది.

"...అప్పుడు నేనేం చేశానంటే, గడ తీసేసి ఇనప పైపు పెట్టాను..." తాతయ్య ఆపడంలేదు.

రాడ్డు నా వీపు మీద దిగింది. ఊపిరి ఆగిపోయి మోకాళ్ళ మీద పడ్డాను. మళ్ళీ నొక్కాను. బొయ్.

"ఎవడే ఆ ముసలాడు? కొత్త మొగుడా?" అని ముఖం మీద తన్నాడు. పెదవి పళ్ళ మధ్య చితికి, నోటినిండా రక్తం. "ఆ పైపుకు తుప్పు పట్టకుండా..." అంటున్నాడు తాతయ్య. మా ఆయన నా జుట్టు పట్టి తలను అలమరకేసి కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. సెట్టు మాత్రం వదల్లేదు.

"...ఇక ఎవరైనా మాట్లాడొచ్చు" అన్నాడు తాతయ్య.

నొక్కి, గొంతు చించుకుని అరిచాను.

"ఎవరమ్మా అది? అంతా గుళగుళమంటోంది. బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది" అన్నాడు తాతయ్య.

"తాతయ్యా, మీరు ఆగండి. తెర మీద కొత్తక్క నంబరు పడింది" అన్నాడు టాక్సీ కుర్రాడు.

పాప అరుపులు ఎలా తిరిగొచ్చేవో గుర్తొచ్చింది. ఈ సెట్లు గొంతును అంకెలుగా తరిగి పంపుతాయి. మాటను తరగడమే వాటికి తెలుసు, అరుపును తెలియదు. మా ఆయన అప్పటికే బల్ల కింద చెయ్యి పెట్టి పాపను కాలు పట్టి లాగుతున్నాడు. అది బల్లకోడును కావలించుకుని "అమ్మా" అంటోంది. పరిగెత్తి దాన్ని పట్టుకుంటే మీట నొక్కలేను. నొక్కితే పాపను పట్టుకోలేను.

నొక్కాను. నోట్లో రక్తం ఉమ్మి, కొలతలు చదివినట్టు ఒక్కో మాటా చెప్పాను.

"మాకు ప్రాణాపాయం ఉంది. ఒకడు ఇనప రాడ్డుతో కొడుతున్నాడు. పాపను ఎత్తుకుపోతున్నాడు. బజారు వెనక వీధి. దర్జీ కొట్టు మీది గది. పోలీసులకు చెప్పండి."

సగంలోనే రాడ్డు భుజం మీద పడింది. ఎముక లోపల పటుక్కుమంది. మాట తొణకనివ్వలేదు. చివరిదాకా చెప్పాకే సెట్టు జారిపోయింది.

"అందిందమ్మా. దర్జీ కొట్టు మీది గది. ఎవరూ మాట్లాడకండి, ఛానల్ వదలండి" అంది తాతయ్య గొంతు. ఆయన అంత పొట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

వాడు పాపను చంకలో ఇరికించుకుని గుమ్మం దాటాడు. ఒక చెయ్యి లేవదు. రెండో చేత్తో ఇస్త్రీపెట్టె ఎత్తి, తీగ లాగేసి, వెనకనుంచి మోకాలి మడత మీద బలమంతా పెట్టి కొట్టాను. కూలబడ్డాడు. పాప జారి నా వైపు పాకింది. వాడు కూర్చున్నచోటినుంచే రాడ్డు విసిరాడు, నా పక్కటెముకలకు బలంగా తగిలింది. పడబోతూ ఇస్త్రీపెట్టె వాడి ముంజేతి మీద ఆన్చి నొక్కాను. చర్మం సుయ్యిమంది. వాడు పెట్టిన కేక వీధి చివరిదాకా పోయుంటుంది. చెయ్యి విదిలించుకుని వెనక్కి తూలి, మెట్ల మీద తలకిందులుగా దొర్లాడు.

కింద కాసేపు కదల్లేదు. తర్వాత లేచాడు. నుదురు చీలి ఒక కన్ను మూసుకుపోయింది. నాలుగుకాళ్ళ మీద పాకుతూ మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

"పిల్లనివ్వవే" అన్నాడు.

"రా" అన్నాను. "ఇంకా చల్లారలేదు."

అన్నంత పనీ చేసేదాన్ని. ఆ తల పగిలేదాకా కొట్టేదాన్ని. అది నాకు తెలుసు, వాడికీ తెలిసినట్టుంది, సగం మెట్ల దగ్గర ఆగాడు.

వీధిలో టాక్సీ కీచుమని ఆగింది. బక్కపలచటి కుర్రాడొకడు పైకి ఉరికి, వాడిని రెండు కాళ్ళూ పట్టి కిందికి లాగి వీపు మీద కూర్చున్నాడు. వాడు పెనుగులాడితే మెడ మీద ఒక్కటి పీకాడు. మనిషిని నేనెరగను. నోరు విప్పాకే తెలిసింది.

"అక్కా, నేనే. పోలీసులు వస్తున్నారు. దాన్ని కింద పెట్టు అక్కా."

పెట్టలేకపోయాను. పిడి మీద వేళ్ళు బిగుసుకుపోయాయి. పోలీసులు వచ్చి వాడికి బేడీలు వేశాక, ఆ కుర్రాడే పైకొచ్చి ఒక్కో వేలూ విడదీశాడు. లోపల సెట్టులో తాతయ్య అడుగుతూనే ఉన్నాడు. "పాప ఎలా ఉంది? ఎవరైనా చెప్పండయ్యా, పాప ఎలా ఉంది?"

కుర్రాడు సెట్టు తెచ్చి, మీట నొక్కి నా నోటి దగ్గర పెట్టాడు.

"పాప నా దగ్గరే ఉంది" అన్నాను.

"ఏంటమ్మా? మళ్ళీ గుళగుళమంటోంది. ఏమీ తెలియలేదు, మళ్ళీ చెప్పు."

నా వెక్కిళ్ళు ఆగేదాకా పాప తల నిమురుతూ కూర్చున్నాను. తర్వాత మళ్ళీ చెప్పాను, ఒక్కో మాటా విడివిడిగా.