గుంతలోంచి తీసిన మనిషి

విక్రమ్‌ను అంత పెద్దమనిషిని చేసింది నేనే. ఆ పాపం ఇంకెవరి నెత్తినా వేయను.

చోరనూరులో చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్లం. తర్వాత నేను బళ్లారి కంటోన్మెంటులో పెళ్లి వీడియోల దుకాణం పెట్టుకున్నాను. వాడి పొలం కింద ఇనుప ఖనిజం బయటపడింది. రెండేళ్లలో నలభై లారీలు, ఎటు తిరిగినా వెంట పదిమంది. జిల్లా పంచాయతీ ఎన్నికల్లో నిలబడుతూ, ఊళ్లలో చూపించడానికి తన మీద సినిమా తీయమని నన్ను పిలిచాడు.

"కింద నుంచి తియ్‌రా జితేంద్రా. కొండంత కనపడాల నేను."

నేల మీద పడుకుని తీశాను. చాలలేదన్నాడు. జేసీబీని పిలిపించి నడుము లోతు గుంత తవ్వించాడు. తవ్వడానికి మా దగ్గర కొదవేముంది! నేను గుంతలో నిలబడి కెమెరా ఎత్తితే, వాడి తల మబ్బుల్లో కనిపించింది.

మధ్యాహ్నం మనుషులంతా భోజనాలకు వెళ్లారు. వాడు గుంతలోకి దిగి నా ఎదురుగా చతికిలబడ్డాడు. పక్కనే, గుంతలోని మట్టిదిబ్బ మీద కెమెరా వాడి కళ్ల ఎత్తులో ఉంది. నేను దాన్ని ఆపలేదు. వాడికీ తెలుసు.

"అన్నం తినేటప్పుడు నా ఎదురుగా ఎవురూ కూచోరురా. అందరూ నిలబడుకోనే ఉంటారు. ముద్ద దిగదు," అన్నాడు.

ఆ ముక్కను సినిమాలో పెట్టాను. నా స్నేహితుణ్ణి జనం చూడాలని ఆశపడ్డాను. ముందే ఒకసారి చూసుకోమని నేనంటే, తీరిక లేదు వేసేయమన్నాడు.

మొదట చోరనూరు బడిలో, కిటికీలకు దుప్పట్లు కట్టి చూపించాం. గుంతలోంచి తీసినవి వస్తున్నంతసేపూ ఎవరూ కనీసం దగ్గలేదు. ముసలివాళ్లు భుజాల మీది తువ్వాళ్లు తీసి చంకలో పెట్టుకున్నారు, తెర ముందు! ఆ తర్వాత నా ముక్క వచ్చింది. ముద్ద దిగదని వాడు అనగానే, రొట్టెలు అమ్ముకునే బసవ్వ తెరతోనే మాట్లాడింది.

"మా ఇంటికి రా నాయనా, నేను కూచుంటా నీ ఎదురుగా. ఎట్ల చిక్కిపోయినావో చూడు!"

గదంతా గొల్లున నవ్వింది. తువ్వాళ్లు మళ్లీ భుజాల మీదికెక్కాయి. "మా ఇంటికీ రా విక్రమప్పా!" అన్నారెవరో. అది ఎగతాళి కాదు, ఒట్టేసి చెబుతాను. నాకు కళ్లు తడిశాయి. చూస్తే, ముందు వరసలో వాడి కుర్చీ ఖాళీ.

బయట కారు దగ్గర దొరికాడు.

"నన్ను చూసి నగినారు."

"కాదురా, అన్నానికి పిలిచినారు."

"రేపు కూరెకుప్ప ఊళ్లో చూపించేదాంట్లో ఆ ముక్క ఉండకూడదు."

ఎదురు చెబితే వాడు నాకు దూరమవుతాడని భయం. ఆ సాయంత్రమే కత్తిరించేశాను.

కూరెకుప్పలో సినిమా అయ్యేసరికి జనం నిశ్శబ్దంగా లేచి వాడికి దారి వదిలారు. వాడు వెళ్లి భోజనం బల్ల దగ్గర కూర్చున్నాడు. చుట్టూ గోడవారగా అందరూ నిలబడ్డారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. వాడు తలెత్తి నన్ను వెతుక్కుని, ఎదుటి కుర్చీ కాలితో ముందుకు నెట్టాడు.

"కూచోరా జితేంద్రా."

అందరూ నా వైపు చూశారు. వెళ్లి కూర్చుందామనే అనుకున్నాను.

"పర్వాలేదు సార్," అన్నాను.

వాడు నన్ను ఒక్క క్షణం చూసి, తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.